పాలు లేని పూట

మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసి, మొక్కల నుంచి వచ్చే తిండి మాత్రమే తినేవాళ్ళని వీగన్లంటున్నారు. ఒకప్పుడు ఎక్కడో మహానగరాల్లో వినబడిన ఈ పద్ధతి ఇవాళ మన బంధువుల ఇళ్ళలోకి వచ్చింది. దాని వెంట వాదనలూ వచ్చాయి. ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. బాబాయి ప్రకాశం జిల్లాలో ఒక ఊరి పాల సేకరణ కేంద్రాన్ని చాలాకాలం నడిపినాయన. ఇంటి వెనక కొట్టంలో ఇప్పటికీ రెండు ముర్రా గేదెలున్నాయి. అమ్మాయి ఆయనకి అన్న కూతురు. హైదరాబాదులో ఒక ఆసుపత్రి ల్యాబులో షిఫ్టు డ్యూటీలు చేస్తుంది. పాలు మానేసింది. ఇద్దరూ ఎవరి పక్షాన్ని వాళ్ళు మనసారా నమ్మినవాళ్ళే.

బాబాయి: మాంసం మానేశానన్నావు, సరే. గుడ్డు మానేశావు, అదీ సరే. పెరుగు కూడా మానేస్తే అన్నం ఎట్లా ముగుస్తుందమ్మా? పప్పు, కూర, పచ్చడి, చారు అన్నీ ఒకెత్తు, చివర పెరుగన్నం ఒకెత్తు. అది తినకుండా లేస్తే భోంచేసినట్టే ఉండదు. పైగా నీ ఉద్యోగం ఓ వారం పగలు, ఓ వారం రాత్రి. పొయ్యి దగ్గర నిలబడే తీరికే లేదు. తీరిక లేనివాళ్ళకి పాలకి మించిన తిండేముంది? కాచుకుని గ్లాసులో పోసుకుంటే ఆ పూటకి అయిపోయినట్టే.

అమ్మాయి: తీరిక లేదన్నది నిజం బాబాయ్. నా వాదన మొదలయ్యేదీ అక్కడి నుంచే. మీరిప్పుడు చెప్పిన భోజనంలో పప్పు, కూర, పచ్చడి, చారు నాలుగింట్లోనూ పాలచుక్క లేదు. తాలింపు నూనెతో పెడితే చాలు. పెసరట్టు, పులిహోర, గోంగూర పచ్చడి, ఉలవచారు, రాయలసీమ ఉగ్గాని, తెలంగాణ సర్వపిండి, పచ్చిపులుసు, జొన్నరొట్టె, వీటిలో దేనికీ పాలు అక్కర్లేదు. పంజాబులోనో గుజరాతులోనో పాలు మానాలంటే వంటిల్లు చాలావరకు మార్చుకోవాలి. మన దగ్గర మానాల్సినవి ముఖ్యంగా నాలుగు: పెరుగు, నెయ్యి, కాఫీ టీల్లో పాలు, పాల మిఠాయిలు. కొత్తగా నేర్చుకోవాల్సిన వంట చాలా తక్కువ.

బాబాయి: ఉలవచారు పేరెత్తి మీగడ పేరు దాటేశావు. నాలుగే అంటున్నావు గానీ మన తిండికి కమ్మదనమంతా ఆ నాలుగింటిదే. అదలా ఉంచు. నగరాల్లో వీగన్లు తినేది ఉగ్గాని, పచ్చిపులుసు కాదుగా? బాదం పాలు, జీడిపప్పు చీజు, డబ్బాల్లో ప్రోటీను పొడి. ఒక దుకాణంలో చూశాను. లీటరు బాదం పాలకి పెట్టే డబ్బుతో మా దగ్గర మూడు లీటర్ల గేదె పాలొస్తాయి. ఆ లీటరులో ఉన్న బాదం పప్పు పిడికిట్లో పడుతుంది, తక్కిందంతా నీళ్ళే. ఉన్నవాళ్ళ ముచ్చటని ఆరోగ్యమని అందరికీ చెప్పడం న్యాయమా?

అమ్మాయి: ఆ డబ్బాల మీద మీ కోపం నాకూ ఉంది. పాలు మానినవాళ్ళలో చాలామంది మానేసిన ప్రతి వస్తువుకీ నకలు వెతుకుతారు. నకలు ఖరీదెక్కువ, రుచి తక్కువ. ఆర్నెల్లు తిరక్కుండానే విసుగొచ్చి వదిలేస్తారు. 2022లో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వీగన్ ఆహారానికి నిబంధనలు తెచ్చి, ప్యాకెట్ల మీద వేసేందుకు ప్రత్యేకమైన గుర్తు పెట్టింది. లోపల జంతు పదార్థం లేదని ఆ గుర్తు చెబుతుంది. ఒంటికి మంచిదని మాత్రం చెప్పదు. నేను చెప్పే తిండి కిరాణా కొట్టులో విడిగా దొరికేది: పెసలు, శనగలు, ఉలవలు, కందిపప్పు, వేరుశనగలు, నువ్వులు, రాగులు, అటుకులు, మరమరాలు.

బాబాయి: అవన్నీ కొనుక్కోవడం సులువే. వండేదెవరు? రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరే మనిషి శనగలు ఎప్పుడు నానబెడుతుంది, ఎప్పుడు ఉడకబెడుతుంది? గాలి కబుర్లు కాదు, పని ఎట్లా నడుస్తుందో చెప్పు.

అమ్మాయి: పనంతా మూడింటి మీద నడుస్తుంది: నానబెట్టడం, వేయించి పొడి కొట్టడం, కుక్కరు పెట్టడం. డ్యూటీకి బయల్దేరేటప్పుడు పెసలు కడిగి నీళ్ళు పోసి వెళ్తాను. వచ్చేసరికి నాని ఉంటాయి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీలో తిప్పితే పెనం వేడెక్కేలోపు పిండి సిద్ధం. ఇడ్లీ పిండిలా పులియాల్సిన పని లేదు. పెసలు మర్చిపోయిన రోజున ఉగ్గాని. బొరుగులు నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, టమాటా తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే పది నిమిషాల పని. మధ్యాహ్నానికి కుక్కరు కింది గిన్నెలో కందిపప్పు, టమాటా, మునగాకు, పై గిన్నెలో బియ్యం. ఒక్క మంట మీద రెండూ ఉడుకుతాయి. ఆ కాసేపట్లో నేను స్నానం చేసి వస్తాను. పప్పుకి తాలింపు పెట్టుకుంటే భోజనం అయినట్టే.

బాబాయి: పొడులు?

అమ్మాయి: సెలవు రోజున. కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర విడివిడిగా సన్నసెగ మీద వేయించి, చల్లారాక పుట్నాలు, ఉప్పు కలిపి పొడి కొట్టుకుంటే నెలకి సరిపోతుంది. తడి చెంచా తగలకూడదు, అంతే. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి మాత్రం తక్కువ తక్కువగా చేసుకోవాలి. వాటిలో నూనె ఎక్కువ, నిల్వ ఉంటే కనరెక్కుతాయి. చేపలు తినని వాళ్ళకి ఒమేగా-3 కొవ్వు అందేది ముఖ్యంగా అవిసె గింజల్లాంటి వాటి నుంచే. వేడన్నం, కందిపొడి, చెంచాడు నువ్వుల నూనె, పక్కన నిన్నటి కూర. ఏమీ వండలేని పూట కూడా నేను బయట తిండికి ఫోను చెయ్యకుండా ఆపేది ఆ పొడుల సీసాలే.

బాబాయి: ఇక్కడ నేనొక మాట గట్టిగా చెప్పాలి. మీ పిన్ని కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ పొడులు కొట్టింది, పచ్చళ్ళు పట్టింది, పిండ్లు విసిరింది. ఆవిడకి ఆదివారమన్నదే లేదు. సులువైన వంటలని రాసేవాళ్ళెవరూ ఆ చాకిరీని లెక్కలోకి తీసుకోరు. వారమంతా డ్యూటీ చేసి దొరికిన ఒక్క సెలవునీ నువ్వు మూకుడు ముందు గడపాలా? గ్లాసెడు పాలకి ఇంత చాకిరీ లేదు కదా?

అమ్మాయి: గ్లాసెడు పాల వెనక పిన్ని తెల్లవారుజామున లేచి పాలు పిండటం, కొట్టం ఊడవడం, దాణా కలపడం ఉన్నాయి. నగరంలో ప్యాకెట్ తెంపే నాకు అది కనపడకపోవడం వేరు. అయినా మీరన్నదాంట్లో న్యాయముంది. ఇంట్లో ఒక్కరి మీదే పడే వంట ఎంత ఆరోగ్యకరమైనదైనా సులువైనది కాదు. మా ఇంట్లో పప్పులు వేయించేది మా ఆయన, మిక్సీ పట్టేది నేను. కూరలు తరగడం ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్ళది. అదీ కుదరనివాళ్ళు డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు చేసి అమ్మే పొడులు కొనుక్కోవచ్చు. వంటని సులువు చెయ్యడమంటే సరుకులు తగ్గించడం ఒక్కటే కాదు బాబాయ్, చేతులు పెంచడం కూడా.

బాబాయి: బాగుంది, ఒప్పుకున్నాను. ఇప్పుడు చిరుతిండి సంగతికి రా. భోజనం ఎట్లాగో కానిస్తారు. మనిషి ఆరోగ్యం చెడేది సాయంత్రం నాలుగింటికి, రాత్రి డ్యూటీలో రెండింటికి. అప్పుడు చేతికందింది నోట్లో వేసుకుంటారు. చిప్స్‌లో పాలు లేవు. కూల్‌డ్రింకులో లేవు. వీధి చివర మిరపకాయ బజ్జీలోనూ లేవు. అవన్నీ నీ పద్ధతికి సరిపోయే తిండే కదా? పాలు మానగానే ఆరోగ్యం వచ్చేస్తుందన్న భ్రమ ఎందుకు?

అమ్మాయి: ఆ భ్రమ నాకు లేదు. మైదా, చక్కెర, పామాయిలు మూడూ మొక్కల నుంచి వచ్చినవే. వాటితో చేసిన బిస్కెట్‌కి వీగన్ గుర్తు వేసినా అది మంచి తిండి అయిపోదు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూత్రాలతో భారతీయులకి ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలో రోగభారంలో 56.4 శాతానికి తిండి సరిగా లేకపోవడమే కారణమని అందులో అంచనా వేశారు. ఫ్యాక్టరీ తిళ్ళు, ఉప్పు, చక్కెర, నూనె తగ్గించమన్నారు. అది పాలు తాగేవాళ్ళకీ వర్తిస్తుంది, మానినవాళ్ళకీ వర్తిస్తుంది.

బాబాయి: మరి రాత్రి రెండింటికి నీ డబ్బాలో ఏముంటుంది?

అమ్మాయి: మన పండగలే నాకు జాబితా ఇచ్చాయి. శ్రీరామనవమి వడపప్పు చూడండి. పెసరపప్పు అరగంట నానబెట్టి, నీళ్ళు వంపేసి, మామిడికాయ తురుము, కొబ్బరి కోరు, ఉప్పు కలిపితే అయిపోయింది. పొయ్యితో పనే లేదు. నాగులచవితి చిమ్మిలి: నువ్వులు రెండు వంతులు, బెల్లం ఒక వంతు. నువ్వులు దోరగా వేయించి బెల్లంతో కలిపి దంచితే వాటిలోని నూనెకే ఉండ కడుతుంది. నెయ్యి అక్కర్లేదు. తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండి. శ్రావణమాసం వాయనాల శనగలు ప్రతి ఇంట్లోనూ సాతాళింపు అవుతాయి. తెలంగాణలో గుడాలన్నా, మన వైపు గుగ్గిళ్ళన్నా అదే తిండి. ముందురోజు నానబెట్టిన శనగలో బొబ్బర్లో కుక్కర్లో ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండాలి. రాత్రి డ్యూటీ డబ్బాలోకైతే కొబ్బరి వెయ్యను, వేసవిలో పాడవుతుంది. ఇవి కాక వేయించిన శనగలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, చిలగడదుంప, చలికాలంలో తేగలు, ఎప్పుడూ దొరికే జామకాయ. జామకాయకి కత్తి కూడా అక్కర్లేదు.

బాబాయి: జాబితా నోరూరిస్తోంది గానీ నేను ఊరుకోను. బెల్లం చక్కెరకి అన్నదమ్ముడే. నీ పొడుల్లో ఉప్పు సంగతేంటి? నాకు బీపీ ఉందని డాక్టరు పచ్చళ్ళు మానిపించాడు. పొడి పచ్చడికి తక్కువేం కాదు.

అమ్మాయి: కాదు. రోజుకి ఉప్పు 5 గ్రాములు మించొద్దంటారు, అంటే ఒక చిన్న చెంచా. పూటపూటా పొడి, పచ్చడి, అప్పడం ముగ్గురూ పళ్ళెంలో కూర్చుంటే ఆ చెంచా మధ్యాహ్నానికే దాటిపోతుంది. అందుకే పొడిలో ఉప్పు సగమే వేసి, ఆ లోటుని చింతపండు పులుపుతో, వెల్లుల్లి ఘాటుతో నింపుతాను. చిమ్మిలి రోజుకొక ఉండ. ఆకలి తీర్చాల్సింది గుగ్గిళ్ళు. తీపి కోసం అయితే పండు.

బాబాయి: ఇక బలం మాటకొద్దాం. నేను కేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) చూసి పాలకి ధర కట్టినవాణ్ణి. గేదె పాలలో ఏముందో నాకు తెలుసు. ఒక పెద్ద గ్లాసు తాగితే ఏడు గ్రాముల మాంసకృత్తులు, రెండు వందల పైచిలుకు మిల్లీగ్రాముల కాల్షియం. నమిలే పని కూడా లేదు. నీ శనగలు, పెసలు దానికి సాటొస్తాయా?

అమ్మాయి: మాంసకృత్తులకి పూచీ నాది. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి బరువులో కిలోకి 0.83 గ్రాములు కావాలి. 55 కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. ఇప్పుడు కూడండి. పెసరట్టుకి 60 గ్రాముల పెసలు, సుమారు 14. పప్పులోకి 50 గ్రాముల కందిపప్పు, 11. రోజంతటికీ 200 గ్రాముల బియ్యం, 15 పైన. గుప్పెడు వేరుశనగ పప్పులు, 7. ఇక్కడికే 47 అయింది, ఇంకా గుగ్గిళ్ళు లెక్కపెట్టనే లేదు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. అన్నంలో పప్పు కలుపుకుంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మనవాళ్ళు రోజూ చేస్తున్నదే. అయితే పళ్ళెంలో అన్నం గుట్టగా, పప్పు గరిటెడు ఉంటే ఈ లెక్క తప్పుతుంది. పాలు మానినవాళ్ళు ముందుగా పెంచాల్సింది పప్పు.

బాబాయి: కాల్షియం?

అమ్మాయి: రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలంటారు. అదే సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364, నువ్వుల్లో వెయ్యి పైన, మునగాకులో 300 పైన, ఉలవల్లో 250 పైన ఉంది. గేదె పాలు 100 గ్రాములు తీసుకుంటే సుమారు 120. రాగి జావకి 50 గ్రాముల పిండి, ఒక చిమ్మిలి ఉండలో 20 గ్రాముల నువ్వులు, పప్పులో రెండు గుప్పెళ్ళ మునగాకు, ఉలవచారుకి 50 గ్రాముల ఉలవలు అనుకుంటే 700 దాటుతుంది. పప్పులు, మిగతా కూరలు ఇంకొంత కలుపుతాయి.

బాబాయి: పట్టికలో ఉన్నదంతా ఒంటికి పడుతుందా? గింజ బస్తాలో ఉండటం వేరు, మనిషికి పట్టడం వేరు.

అమ్మాయి: అసలైన ప్రశ్న అడిగారు. అంతా పట్టదు. గింజల్లో ఫైటేట్లనేవి ఉంటాయి. అవి కాల్షియాన్నీ ఇనుమునీ పట్టుకుని వదలవు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వాటిని తగ్గిస్తాయి. అందుకే రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి పట్టించిన పిండితో జావ కాస్తాను. పాలకూరలో, తోటకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియం పట్టికలో కనపడినంతగా అందదు. అందుకే మునగాకు. పప్పు మీద నిమ్మకాయ పిండితే ఇనుము ఇంకా బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ ఇనుముకి అడ్డం పడుతుంది. ఇన్ని చేసినా ఎముకలు పలచబడే వయసువాళ్ళు, గర్భిణులు, బాలింతలు, పెరిగే పిల్లలు నా లెక్క చూసి పాలు మానేయకూడదు. డాక్టర్నో డైటీషియన్నో అడిగి, పరీక్షలు చేయించుకుని నిర్ణయించుకోవాలి.

బాబాయి: మరి బి12? మీ వీగన్లు దీని దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

అమ్మాయి: నేను గొంతు పెంచి చెబుతాను. మొక్కల తిండిలో నమ్ముకోదగ్గ బి12 లేదు. దాన్ని తయారుచేసేది బాక్టీరియా. గేదె పొట్టలో ఆ సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి పాలలోకి వస్తుంది. రోజుకి కావలసింది 2.2 మైక్రోగ్రాములే గానీ అది లేకపోతే రక్తం తగ్గుతుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నాలుక మండుతుంది, మతిమరుపు వస్తుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కనక మానిన వెంటనే తెలియదు, ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. ఆలస్యమైతే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. చద్దన్నంలో ఉంది, మొలకల్లో ఉంది, నాచులో ఉంది అని చెప్పేవాళ్ళ మాట వినొద్దు. మాత్ర వేసుకోవాల్సిందే. ఎంత మోతాదో రక్తపరీక్ష చూసి డాక్టరు చెబుతారు. ఒక్కమాట మాత్రం. పాలు తాగే శాకాహారుల్లో కూడా మన దేశంలో బి12 లోటు చాలా ఎక్కువ. గ్లాసెడు పాలున్నాయి కదా అని పరీక్ష మానేయడం మీకూ మంచిది కాదు.

బాబాయి: నాకు ఆ మాత్ర దగ్గరే మనసొప్పదు. మాత్ర లేకుండా నిలబడని తిండి సహజమైనదెట్లా అవుతుంది?

అమ్మాయి: అయొడీన్ కలపకుండా మనం ఉప్పు అమ్మనిస్తున్నామా? గాయిటర్ రాకుండా కలుపుతున్నాం, ఎవరూ తప్పుపట్టడం లేదు. సహజమా కాదా అని కాదు, ఒంటికి కావలసింది అందుతోందా లేదా అని చూస్తాను. మాత్ర వేసుకోవడం చిన్నతనం అనుకునేవాళ్ళు పాలు మానకూడదు. ఆ మాట నేనే చెబుతాను.

బాబాయి: తిరిగి పెరుగు దగ్గరికే వద్దాం. వేసవిలో మధ్యాహ్నం అన్నంలో ఏం పోసుకుంటావు?

అమ్మాయి: తరవాణి. గోదావరి జిల్లాల పాతకాలపు ఇళ్ళలో వేసవి పొద్దున కాఫీ ఇడ్లీల స్థానంలో ఉండేదదే. అన్నంలో గంజి, నీళ్ళు పోసి మట్టికుండలో మూతపెట్టి ఉంచితే మర్నాటికి పుల్లబడుతుంది. ఉప్పు, వాము, నిమ్మాకు వేసుకుని, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద నంజుకుంటే కడుపు చల్లగా ఉంటుంది. శుభ్రత ముఖ్యం, వాసన తేడా వస్తే పారబోయాలి. గడ్డపెరుగే కావాలంటే వేరుశనగ పెరుగు. పప్పులు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడింతల నీళ్ళతో రుబ్బి, వడకట్టి, అడుగంటకుండా కాచి, గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయ తొడిమలు వేసి ఉంచితే తోడుకుంటుంది. మొదటిసారి వచ్చింది తినడానికి బాగోదు, దాన్ని తోడుగా వాడాలి. రెండోసారి నుంచి మజ్జిగపులుసుకీ పెరుగుపచ్చడికీ పనికొస్తుంది. ఊరికే అన్నంలో కలుపుకుంటే గేదె పెరుగు రుచి రాదు. వస్తుందని చెప్పి మిమ్మల్ని నమ్మించను. టీకి కూడా ఆ పాలు కుదరవు. నేను అల్లం వేసిన డికాషనో, ధనియాల కాఫీయో తాగుతాను.

బాబాయి: రుచి రాదని తెలుసు, టీ కుదరదని తెలుసు, మాత్ర తప్పదని తెలుసు. ఇంత తెలిసీ ఎందుకమ్మా ఈ పట్టుదల? ఒంటికి పాలు పడకపోతే వేరు. చాలామంది పెద్దవాళ్ళకి పాలు అరగవు, వాళ్ళకి పెరుగు పడుతుంది. నీకు రెండూ పడతాయి కదా?

అమ్మాయి: దూడ కోసం బాబాయ్. గేదె ఈనితేనే పాలు. ఆడదూడ అయితే ఇంట్లో ఉంటుంది. మగదూడ అయితే? ఊళ్ళో దున్నే పని ట్రాక్టర్లకి పోయింది. మగదూడకి తాగించే పాలు నష్టం కింద లెక్క. అది ఎన్నాళ్ళు బతుకుతుందో, ఎవరికి అమ్ముతారో నాకన్నా మీకే బాగా తెలుసు. నాకు తినడానికి ఇన్ని ఉండగా దాని వంతు నేను తాగలేను.

బాబాయి: తెలుసు. కాదనను. మా కొట్టంలో మగదూడకీ ఒక చన్ను వదులుతాం. ఊరంతా అట్లా చేస్తుందని మాత్రం చెప్పలేను. కానీ నువ్వు నా మాటా వినాలి. వానలు లేని ఏడు కంది ఎండిపోయింది, పొగాకు ధర పడిపోయింది. సెంటు భూమి లేని ఆడవాళ్ళు పిల్లల ఫీజులు కట్టింది పదిహేను రోజులకోసారి నేనిచ్చిన పాలబిల్లుతో. ఆ బిల్లు మొగవాళ్ళ చేతికి పోకుండా వాళ్ళ చేతికే ఇచ్చాను. నువ్వు తినే కందిపప్పు పండే చేనుకి ఎరువు వచ్చేదీ ఆ కొట్టాల నుంచే. అందరూ నీలా పాలు మానేస్తే వాళ్ళ బతుకేంటి?

అమ్మాయి: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగమే ఉంది. నేను పాలకి పెట్టే డబ్బు ఇప్పుడు ప్రకాశం కందులకి, తాండూరు కందిపప్పుకి, అనంతపురం వేరుశనగలకి పోతోంది. అదీ మెట్ట రైతుకే. కానీ రైతుకి అది పంట వచ్చినప్పుడే, ఏడాదికోసారి. పాలబిల్లులా పదిహేను రోజులకోసారి రాదు. ఆ తేడా ఎందుకొచ్చింది? పాలు సులువైన తిండి అని మీరు మొదట అన్నారు. పాలు వాటంతట అవి సులువు కాలేదు. గంటల్లో విరిగిపోయే వస్తువది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలై ఊరూరా సొసైటీలు పెట్టారు, మీలాంటివాళ్ళు తూచి, పరీక్షించి, డబ్బిచ్చారు. చల్లబరిచే కేంద్రాలు, ట్యాంకర్లు, ప్యాకెట్లు వచ్చాయి. దేశం పాతికేళ్ళు దాని మీద పనిచేస్తే తెల్లారేసరికి నగరంలో గుమ్మం ముందు పాలుంటున్నాయి. రాగులకీ ఉలవలకీ నువ్వులకీ ఎవరూ అంత పని చెయ్యలేదు.

బాబాయి: రాగులు విరిగిపోవు కదా, వాటికంత ఏర్పాటెందుకు?

అమ్మాయి: గింజకి అక్కర్లేదు. వండిన తిండికి కావాలి. తీరిక లేని మనిషికి కావలసింది రాగుల బస్తా కాదు, పొద్దున వేడిగా దొరికే జావ. ఆసుపత్రి క్యాంటీన్లో, బస్టాండులో, ఆఫీసు కింద బజ్జీల బండి పక్కన గుగ్గిళ్ళు, చిమ్మిలి, పెసర మొలకలు దొరకాలి. సాధ్యమేనని మన బడులే చూపించాయి. ఆంధ్రలో మధ్యాహ్న భోజనంలో పిల్లలకి వేరుశనగ చిక్కీ ఇచ్చారు, 2023లో రాగి జావ కూడా మొదలుపెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం రాగులూ ఉలవలూ కొని, మొలకకట్టి, పొడి కొట్టి, ఉండ చుట్టి పంపిస్తే, పాలకి ఇచ్చినట్టే వాళ్ళకీ పదిహేను రోజులకోసారి బిల్లు ఇవ్వచ్చు.

బాబాయి: నువ్వు నన్ను పాలు మాన్పించలేవు. పెరుగన్నం లేకుండా నా పూట గడవదు, గేదెల్ని అమ్మను. మగదూడ మాట మాత్రం మనసులో పెట్టుకుంటాను. అయితే ఇప్పుడు నువ్వు చెప్పింది తిండి సంగతి ఒక్కటే కాదు, ఏర్పాటు సంగతి. ఏర్పాటంటే నాకు తెలుసు. సరుకు రోజూ రావాలి, తూకం అందరి కళ్ళముందే జరగాలి, నాణ్యతకి తగ్గ ధర ఉండాలి, చెప్పిన తారీఖుకి డబ్బు పడాలి. ఈ నాలుగింట్లో ఒక్కటి తప్పినా ఆర్నెల్లలో కేంద్రం మూతపడుతుంది.

అమ్మాయి: ఆ నాలుగూ తెలిసినవాళ్ళు పాల దగ్గర ఉన్నారు, చిరుతిండి దగ్గర లేరు. నేను మిమ్మల్ని అడిగేది పాలు మానమని కాదు. ఊళ్ళో ఒక సంఘానికి ఆ లెక్క నేర్పమని.

బాబాయి: నేర్పుతాను. సంఘంవాళ్ళు సరే అంటే మొదటి నెల తూకం దగ్గర నేనే కూర్చుంటాను. నువ్వు నీ ఆసుపత్రి క్యాంటీనువాళ్ళని అడుగు, రోజుకి ఎన్ని కిలోల గుగ్గిళ్ళు తీసుకుంటారో, ఎన్నాళ్ళకి డబ్బిస్తారో. ఆ రెండు అంకెలు చేతికొచ్చాక మిగతా వాదన చూసుకుందాం.